ఈ కోడ్‌కి జవాబు చెప్పేది ఎవరు?

"అన్నా, 'తె' గురువు ఎట్లయితది?"

ఫస్ట్ ఇయర్ అమ్మాయి ఒకరు నన్ను ఈ ప్రశ్న అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు వెతకడంలో నుంచి పుట్టింది.

జరిగింది ఇది. మన సాహితీ క్లబ్‌కి ఒక చిన్న ప్రోగ్రాం ఉంది. పద్యపాదం టైప్ చేస్తే ఏది గురువో ఏది లఘువో గుర్తించి, గణాలు విడగొట్టి, ఛందస్సు కుదిరిందో లేదో చెప్తుంది. సీనియర్లు మొదలుపెట్టారు. కోడ్ అంతా ఓపెన్ సోర్స్. అంటే ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు, బాగుచేసి పంపొచ్చు. పోయిన సెమిస్టర్ నుంచి దానికి మెయింటైనర్ని నేను. ఎవరైనా మార్పు పంపితే (దాన్నే పుల్ రిక్వెస్ట్ అంటాం) చదివి, బాగుంటే కలిపేది, లేకపోతే వెనక్కి పంపేది నా పని.

ఈసారి పద్యరచన పోటీకి ఎంట్రీలు ఎక్కువ వచ్చాయని మొదటి వడపోత ఆ ప్రోగ్రాంతో చేశాం. ఆ అమ్మాయి ఆటవెలది "తెలుగు" అన్న మాటతో మొదలవుతుంది. ప్రోగ్రాం "మొదటి గణం తప్పు" అని చూపించింది. పద్యం పక్కకు వెళ్ళిపోయింది. రిజల్ట్ చూసుకుని ఆమె నా దగ్గరికొచ్చి, వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించారు.

టెన్త్‌లో ఛందస్సు మార్కుల కోసం బట్టీపట్టి మర్చిపోయిన నాలాంటి వాళ్ళ కోసం ఒక మాట. ఆటవెలది మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, తర్వాత రెండు ఇంద్రగణాలు ఉండాలి. "తెలుగు"లో మూడూ లఘువులే. అంటే న గణం, అది సూర్యగణం. పద్యం కరెక్ట్. మన ప్రోగ్రాం మాత్రం "తె"ని గురువుగా లెక్కేసి, భ గణం అనుకుని, అది ఇంద్రగణం కాబట్టి తప్పు అని తేల్చేసింది.

కోడ్ తెరిచి చూశాను. గురువులయ్యే అచ్చుల జాబితాలో ఏ, ఓ లతో పాటు ఎ, ఒ కూడా ఉన్నాయి. ఈ తప్పు ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. సంస్కృతంలో హ్రస్వ ఎ, ఒ లేవు. అక్కడ ఆ రెండూ ఎప్పుడూ దీర్ఘాలే. తెలుగులో హ్రస్వమూ ఉంది, దీర్ఘమూ ఉంది. సంస్కృతం రూల్‌ని ఎవరో తెచ్చి తెలుగుకి అతికించారు.

ఆ "ఎవరో" ఒక ఏఐ టూల్. మార్పు పంపింది నా క్లాస్‌మేటే. అడిగితే, "ఏమో రా, ఏఐతో రాయించిన. టెస్టులన్నీ పాసైనయి కదా" అన్నాడు. నిజమే, పాసయ్యాయి. కానీ టెస్టులు కూడా ఆ టూలే రాసింది. "తెలుగు" అని ఇస్తే భ గణం రావాలి అని టెస్టులోనే రాసి ఉంది! పరీక్ష రాసినవాడే కీ పేపర్ కూడా తయారుచేసుకుంటే వందకి వంద రాక ఇంకేం వస్తాయి?

తప్పు వాడి ఒక్కడిదే అంటే అబద్ధమవుతుంది. దాన్ని కలిపింది నేను. ఇంటర్నల్స్ ముందు రోజు రాత్రి, నాలుగు వందల లైన్లు ఫోన్‌లో పైనుంచి కిందికి స్క్రోల్ చేసి, పచ్చ టిక్కు కనపడగానే మెర్జ్ నొక్కాను.

క్లబ్ మీటింగ్‌లో ఒకటే తీర్మానం. ఏఐ కోడ్ మీద మనకొక పాలసీ కావాలి, అది నేనే రాయాలి. సంక్రాంతి సెలవులకి జహీరాబాద్ వెళ్ళినప్పుడు కూర్చుని, పెద్ద పెద్ద ప్రాజెక్టులు ఏం రూల్స్ పెట్టుకున్నాయో చదివాను. చదివింది మీకూ చెప్తాను.

అసలు గొడవ ఏంటి?

ఏఐ రాకముందు కూడా చెత్త పుల్ రిక్వెస్టులు వచ్చేవి. ఇందులో మన దేశపు స్టూడెంట్స్ పేరు కొంచెం పాడైపోయిన మాట ఒప్పుకోవాలి. డిజిటల్ ఓషన్ అనే కంపెనీ 2014 నుంచి ప్రతి అక్టోబర్‌లో హ్యాక్‌టోబర్‌ఫెస్ట్ నడుపుతోంది. 2020లో నాలుగు పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్ట్ ఇస్తామన్నారు. ఇంకేముంది, ప్రపంచం నలుమూలల నుంచీ రీడ్‌మీ ఫైల్‌లో "అద్భుతమైన ప్రాజెక్ట్" లాంటి రెండు పదాలు చేర్చి పంపేశారు. ఎలా పంపాలో చూపించే వీడియోలు కూడా వచ్చాయి, మన దేశం నుంచి కూడా. మెయింటైనర్లు మొత్తుకుంటే, ఆ అక్టోబర్ మొదటి వారంలోనే రూల్ మార్చారు. ఇష్టమని ముందుగా చెప్పిన ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకుంటామన్నారు.

అప్పట్లో చెత్తని చూడగానే చెత్త అని తెలిసేది. ఇప్పుడు తెలియదు. ఏఐ రాసిన కోడ్ చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, కామెంట్లు చక్కగా ఉంటాయి, వివరణ మర్యాదగా ఉంటుంది. అది తప్పో ఒప్పో తేల్చాలంటే మొత్తం చదవాల్సిందే. రాయించడానికి రెండు నిమిషాలు, చదవడానికి రెండు గంటలు. పంపేవాళ్ళు వెయ్యిమంది ఉండొచ్చు, చదివేవాళ్ళు ఇద్దరో ముగ్గురో, అదీ జీతం లేకుండా. గొడవంతా ఈ తేడాలోనే ఉంది.

దీనికి మంచి ఉదాహరణ కర్ల్. ఇంటర్నెట్ నుంచి డేటా తెచ్చే ఈ సాఫ్ట్‌వేర్ మన ఫోన్లలో, టీవీల్లో, కార్లలో ఉంటుంది. స్వీడన్‌కి చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ 1998 నుంచి నడిపిస్తున్నారు. భద్రతా లోపం కనిపెడితే డబ్బు బహుమతి అని 2019లో పథకం పెట్టారు. 2025 మధ్యలో ఆయన చెప్పిన లెక్క ప్రకారం, ఆ ఏడాది వచ్చిన రిపోర్టుల్లో సుమారు 20 శాతం ఏఐ చెత్త. నిజంగా లోపమని తేలినవి 5 శాతం. ఒక్కో రిపోర్టు మీద ముగ్గురు నలుగురు కూర్చోవాలి, ఒక్కోసారి గంటల తరబడి. చివరికి 2026 జనవరి ఆఖరుతో ఆ బహుమతి పథకమే ఎత్తేశారు.

ఇక్కడే కథ ఆపేస్తే ఏఐ అంటే చెడ్డది అనేసుకుంటాం. కానీ 2025లోనే ఒక పరిశోధకుడు ఏఐ టూల్స్‌తో కర్ల్ కోడ్‌ని వెతికి, ఒక లిస్ట్ పంపితే, దాని వల్ల పదుల సంఖ్యలో నిజమైన బగ్స్ సరిచేశారు. స్టెన్‌బర్గ్ స్వయంగా మెచ్చుకున్నారు. రెండు చోట్లా ఉన్నది ఏఐనే. ఒకచోట పంపే ముందు ఏది నిజమో చూసుకున్న మనిషి ఉన్నాడు. ఇంకోచోట లేడు.

ఎవరెవరు ఏం రూల్ పెట్టారు?

నేను చదివిన పాలసీలు రెండు గుంపులుగా కనపడ్డాయి.

మొదటి గుంపు, అసలు వద్దు అన్నవాళ్ళు. జెంటూ లినక్స్ కౌన్సిల్ 2024 ఏప్రిల్‌లో ఓటు వేసి, ఏఐ సాయంతో తయారైనవేవీ తీసుకోం అని తేల్చేసింది. మూడు కారణాలు చెప్పింది: కాపీరైట్, నాణ్యత, నైతికత. తర్వాతి నెలలో నెట్‌బీఎస్‌డీ ఇంకో రకంగా చెప్పింది. ఏఐ రాసిన కోడ్‌ని "కలుషితమైన" కోడ్‌గానే భావిస్తాం, కోర్ టీమ్ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప కలపొద్దు అని. 2025 జూన్‌లో క్యూఈఎంయూ కూడా వద్దనే అంది. దాని కారణం నాకు బాగా ఆసక్తిగా అనిపించింది, కాసేపట్లో చెప్తాను.

రెండో గుంపు, వాడండి కానీ చెప్పండి, బాధ్యత మీదే అన్నవాళ్ళు. అపాచీ సంస్థ కమిట్ మెసేజ్‌లో టూల్ పేరు రాయమని సూచించింది. ఫెడోరా కౌన్సిల్ 2025 అక్టోబర్‌లో ఒప్పుకున్న పాలసీ కూడా ఇదే దారి: ఏఐ వాడొచ్చు, ఎక్కువగా వాడితే ఆ సంగతి చెప్పాలి, పంపినదానికి పూర్తి బాధ్యత పంపిన మనిషిదే. లినక్స్ కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లో ఇప్పుడు స్పష్టంగా ఉంది: ఏఐ సాయం చేస్తే "అసిస్టెడ్-బై" అని రాయండి, కానీ "సైన్డ్-ఆఫ్-బై" సంతకం మాత్రం మనిషే పెట్టాలి.

ఆ సంతకం కథ తెలుసుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. 2003లో ఎస్‌సీవో అనే కంపెనీ ఐబీఎం మీద కేసు వేసింది. మా యూనిక్స్ కోడ్‌ని లినక్స్‌లో కలిపేశారు అన్నది ఆరోపణ. అప్పుడు అందరికీ ఒక ప్రశ్న వచ్చింది. వేలమంది పంపిన కోడ్‌లో ఏ లైన్ ఎక్కడి నుంచి వచ్చిందో ఎలా చెప్తాం? దానికి 2004లో లైనస్ టోర్వాల్డ్స్ పెట్టిన పద్ధతే డెవలపర్స్ సర్టిఫికేట్ ఆఫ్ ఒరిజిన్. మార్పు పంపేటప్పుడు కింద "సైన్డ్-ఆఫ్-బై" అని పేరు రాయాలి. దాని అర్థం, "ఇది నేను రాశాను, లేదా దీన్ని ఈ లైసెన్స్ కింద ఇచ్చే హక్కు నాకుంది". ఒక్క లైనే, కానీ అది ప్రమాణం.

క్యూఈఎంయూ అడిగిన ప్రశ్న ఇదే. ఏఐ టూల్ ఎవరెవరి కోడ్ చదివి నేర్చుకుందో, ఆ కోడ్‌కి ఏ లైసెన్సులున్నాయో మీకు తెలియదు. తెలియనప్పుడు ఏ ధైర్యంతో సంతకం పెడతారు? చట్టం ఇంకా తేలలేదు కాబట్టి ఇప్పటికి వద్దు, ముందు ముందు మళ్ళీ ఆలోచిద్దాం అన్నారు. నిజంగానే తేలలేదు. గిట్‌హబ్ కోపైలట్ మీద 2022 నవంబర్‌లో అమెరికాలో కేసు వేశారు. కేవలం ప్రాంప్ట్ ఇచ్చి రాయించుకున్నదానికి కాపీరైట్ రాదని అమెరికా కాపీరైట్ ఆఫీస్ 2025 జనవరిలో ఒక రిపోర్టులో చెప్పింది. మన దేశంలో ఇంకోలా ఉంది. మన 1957 కాపీరైట్ చట్టంలో, కంప్యూటర్ తయారుచేసిన రచనకి, దాన్ని తయారు చేయించిన వ్యక్తే రచయిత అనే మాట ఉంది. ఈ ఏఐలు పుట్టకముందు రాసిన మాట అది, ఇప్పటి టూల్స్‌కి ఎలా వర్తింపజేయాలన్నది వేరే చర్చ. కానీ మన చట్టం కూడా చివరికి ఒక మనిషి కోసమే వెతుకుతోందని గమనించండి.

మన తెలుగులో ఇది ఇంతకుముందే జరిగింది

ఇదంతా అమెరికా, యూరప్ గొడవలని అనుకున్నాను. కాదు. ఇలాంటిదే తెలుగు వికీపీడియాలో పదిహేనేళ్ళ కిందటే జరిగింది.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో మొదలైంది. రాసేది వాలంటీర్లే. ఓపెన్ సోర్స్ లాగే ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. 2009 తర్వాత రెండేళ్ళ పాటు గూగుల్ ఒక ప్రయత్నం చేసింది. తన అనువాద పనిముట్టుతో, డబ్బిచ్చి పెట్టుకున్న అనువాదకుల చేత ఇంగ్లీష్ వ్యాసాలని భారతీయ భాషల్లోకి మార్పించి వికీపీడియాల్లో పెట్టించింది. తెలుగులోకి పెద్ద సంఖ్యలో వ్యాసాలొచ్చాయి, పొడవైనవి, బోలెడు సమాచారమున్నవి. చూడగానే సంబరం. చదవబోతే వాక్యం ముందుకు పోదు. మాటలు తెలుగే, వాక్యం తెలుగు కాదు.

అసలు ఇబ్బంది భాష ఒక్కటే కాదు. వ్యాసం పెట్టిన అనువాదకుడు మళ్ళీ ఆ పేజీకి రాడు. "ఈ వాక్యానికి అర్థమేంటి?" అని చర్చా పేజీలో అడిగితే పలికేవాళ్ళు లేరు. దిద్దే పని మొత్తం కొద్దిమంది వాలంటీర్ల మీద పడింది. ఇదే పరిస్థితిలో తమిళ వికీపీడియన్లు గూగుల్ వాళ్ళతో కూర్చుని నాణ్యత గురించి మాట్లాడారు, బెంగాలీ వాళ్ళు గట్టిగా వద్దన్నారు. మన దగ్గర ఆ వ్యాసాలని దిద్దాలా తీసేయాలా అనే చర్చ ఏళ్ళ తరబడి నడిచింది.

ఇప్పుడు వికీపీడియాలో కంటెంట్ ట్రాన్స్‌లేషన్ అనే పరికరం ఉంది. అది యంత్రానువాదం ఇస్తుంది. కానీ మనిషి చెయ్యిపెట్టి మార్చకుండా వదిలేసిన భాగం ఒక హద్దు దాటితే ప్రచురించనివ్వదు. ఆ హద్దు ఎంతుండాలో ఒక్కో భాష సముదాయానికి తగ్గట్టు మార్చుకునే వీలుంది. యంత్రాన్ని వాడుకో, కానీ నీ చెయ్యి పడినట్టు కనపడాలి అన్నమాట. ఇది చదివాక నా పాలసీకి సగం దారి దొరికింది.

మిగతా సగం మా నానమ్మ దగ్గర దొరికింది

జహీరాబాద్ అంటే మీలో చాలామందికి ముంబై హైవే మీద చెరకు ట్రాక్టర్లు, అల్లం, మహీంద్రా ఫ్యాక్టరీ గుర్తొస్తాయేమో. మా ఊరి చుట్టుపక్కల ఇంకొకటి ఉంది. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, దాని ఆఫీసు పస్తాపూర్‌లో. ఎక్కువగా దళిత మహిళా రైతుల సంఘాలు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. సంక్రాంతి నుంచి నెల రోజుల పాటు ఊరూరా పాత పంటల జాతర చేస్తారు. ఎడ్ల బండ్ల మీద జొన్నలు, కొర్రలు, సామలు, పప్పుల విత్తనాలు పెట్టి ఊరేగిస్తారు. మా నానమ్మ ఝరాసంగం వైపు ఊర్లో ఆ సంఘంలో చాలా ఏళ్ళు ఉంది.

విత్తన సంఘం పద్ధతి నాకు చిన్నప్పటి నుంచి తెలుసు, కానీ ఎప్పుడూ దాని గురించి ఆలోచించలేదు. విత్తనం డబ్బుకి కొనక్కర్లేదు. అవసరమైనవాళ్ళు తీసుకుంటారు, పంట వచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ తిరిగి ఇస్తారు. బూడిద, వేపాకు కలిపి, పేడ అలికిన బుట్టల్లో దాస్తారు. ఇది ఓపెన్ సోర్స్ కాకపోతే ఇంకేంటి?

లాప్‌టాప్ ముందు పెట్టుకుని తల పట్టుకున్న నన్ను చూసి నానమ్మ ఏమైందని అడిగింది. నాకు వచ్చిన తెలుగులో చెప్పాను. (ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం వాడికి "పుల్ రిక్వెస్ట్"ని నానమ్మకి అర్థమయ్యేట్టు చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోండి. "వేరేటోళ్ళు ఇచ్చిన ఇత్తనాలు మన బుట్టల కలుపుడు" అన్నాను చివరికి.) మంచి విత్తనమో కాదో మీరెలా చూస్తారని అడిగాను.

"చూస్తం బిడ్డా, చేతుల పోసుకొని చూస్తం. పుచ్చులు ఏరుతం. గని చూస్తె అన్నీ తెల్వయి గద. అందుకే ఎవరి చేన్లదో అడుగుతం. ఆమె మనకెర్కనే ఉంటది. మొలవకపోతే పొయ్యి ఆమెనే అడుగుతం."

అక్కడే ఇంకొక పద్ధతి కూడా ఉంది, పార్టిసిపేటరీ గ్యారంటీ సిస్టమ్, పొట్టిగా పీజీఎస్. సేంద్రియ పంట అని ముద్ర కావాలంటే మామూలుగా బయటి ఏజెన్సీ వచ్చి తనిఖీ చేయాలి, దానికి బోలెడు ఫీజు, కాగితాలు. రెండెకరాల రైతు ఎక్కడ తట్టుకుంటుంది? పీజీఎస్‌లో ఒక ఊరి రైతులే గ్రూపు కడతారు. మందులు వాడనని అందరి ముందు ప్రమాణం చేస్తారు. ఒకరి చేను ఒకరు తిరిగి చూస్తారు. గ్రూపు ఒప్పుకుంటేనే ముద్ర. ప్రమాణం ఒక్కటే చాలదు, చూడటం ఒక్కటే చాలదు. రెండూ ఉండాలి.

సైన్డ్-ఆఫ్-బై, కోడ్ రివ్యూ. మా ఊరి ఆడవాళ్ళకి ఆ పేర్లు తెలియవు, పని తెలుసు.

పట్టుకునే మిషన్ ఉందా?

మీటింగ్‌లో ఒకరు అడిగారు, ఏఐ డిటెక్టర్ పెట్టేస్తే పోలా అని. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ కంపెనీయే అలాంటి డిటెక్టర్ ఒకటి తెచ్చి, సరిగ్గా పట్టుకోవట్లేదని 2023 జూలైలో తీసేసింది. అది మామూలు రాతకి. కోడ్‌లో ఇంకా కష్టం. ఒక ఫర్ లూప్ ఎవరు రాసినా ఒకేలా ఉంటుంది. పైగా డిటెక్టర్ పొరపాటున నిజాయితీగా రాసుకున్న ఫస్ట్ ఇయర్ వాళ్ళని దొంగలంటే ఏం చేస్తాం? ఒక ప్రోగ్రాం మాట నమ్మి ఒక అమ్మాయి పద్యాన్ని ఇప్పటికే పక్కన పెట్టాం. ఆ తప్పు రెండోసారి వద్దు.

మరి పూర్తిగా నిషేధిస్తే? నిజం చెప్పాలంటే నేను రెండు రోజులు ఈ వైపే ఉన్నాను. మనది నేర్చుకునే ప్రాజెక్టు. గురులఘువుల ప్రోగ్రాం లేకపోతే ప్రపంచం ఆగదు. అది ఉన్నది మనం రాయడం నేర్చుకోవడానికే. ఏఐ రాసిస్తే ప్రోగ్రాం తయారవుతుంది, కానీ మనం తయారవం.

నా మనసు మార్చింది ఇంకో జూనియర్. ఇంటర్ దాకా తెలుగు మీడియం. "అన్నా, నాకు ఎర్రర్ మెసేజ్ ఇంగ్లీష్‌లో వస్తే అర్థం కాదు. మిమ్మల్ని అడిగితే నవ్వుతారేమోనని భయం. ఏఐని అయితే తెలుగులో పదిసార్లు అడుగుతా" అన్నాడు. వాడికి నేను ఏఐ వాడొద్దని చెప్తే, ఇంగ్లీష్ వచ్చిన నాలాంటివాళ్ళకే ఈ ప్రాజెక్టు అని చెప్పినట్టు. పైగా నిషేధం పెడితే మానరు, చెప్పడం మానేస్తారు. అప్పుడు దాచినదాన్ని నేను రాత్రిపూట ఫోన్‌లో చూసి మెర్జ్ నొక్కుతాను.

జెంటూ, క్యూఈఎంయూ చేసింది తప్పని నేననడం లేదు. వాళ్ళ కోడ్ మీద ఎన్నో కంప్యూటర్లు ఆధారపడి ఉన్నాయి, లైసెన్స్ గొడవ వస్తే మోయాల్సిన బరువు వేరు. ఎవరి పాలసీ వాళ్ళ భయాన్ని బట్టి ఉంటుంది. పాలసీ రాసేముందు మన భయం ఏంటో మనం తేల్చుకోవాలి. మన భయం, మన కోడ్‌లో మనలో ఒక్కరికీ అర్థం కాని లైన్ ఉండటం.

మన పాలసీ, మొదటి ముసాయిదా

1. ఏఐ వాడొచ్చు. వాడితే పుల్ రిక్వెస్ట్‌లో చెప్పాలి: ఏ టూల్, దేనికి వాడారు. ఎర్రర్ అర్థం చేసుకోవడానికి, స్పెల్లింగ్ దిద్దుకోవడానికి వాడితే చెప్పక్కర్లేదు. చెప్పినందుకు ఎవరినీ తక్కువగా చూడం.

2. సంతకం మనిషిదే. పంపిన ప్రతి లైన్ ఎందుకుందో మీ మాటల్లో చెప్పగలగాలి. రివ్యూలో అడిగిన ప్రశ్నకి ఏఐ జవాబుని అతికించొద్దు. "తెలియదు, చూసి చెప్తా" అనేది మంచి జవాబే.

3. కోడ్ ఏఐది అయితే టెస్టులు మనవి. ముఖ్యంగా తెలుగుకి సంబంధించిన టెస్ట్ ఉదాహరణలు ఛందస్సు తెలిసిన మనిషి చేత్తో లెక్కపెట్టి ఇవ్వాలి. ఆ మనిషికి కోడింగ్ రానక్కర్లేదు. వాళ్ళ పేరు కూడా కాంట్రిబ్యూటర్ల లిస్టులో ఉంటుంది.

4. ఒక పుల్ రిక్వెస్ట్ ఒక కూర్చోలో చదవగలిగినంతే ఉండాలి. సుమారు వంద లైన్లు. ఎక్కువైతే ముక్కలు చేసి పంపండి. ఇది ఏఐ కోడ్‌కే కాదు, అందరికీ.

5. "మొదటి పని" అని గుర్తుపెట్టిన ఇష్యూలు కొత్తవాళ్ళు సొంతంగా రాయడానికే. అవి ఏఐతో రెండు నిమిషాల్లో తీరతాయని నాకూ తెలుసు. అవి పెట్టింది తీరడానికి కాదు, మీరు నేర్చుకోవడానికి.

6. వేరే లైసెన్స్ కోడ్ అని అనుమానమొస్తే కలపం. ఎక్కడిదో చెప్పలేకపోతే కలపం.

7. ఇది మెయింటైనర్ల కోసం. చదవకుండా మెర్జ్ చేయొద్దు. ఇద్దరు చదివితేనే కలపాలి. ఇంటర్నల్స్ వారంలో అసలు కలపొద్దు. తప్పు కలిస్తే కలిపినవాళ్ళు కూడా జవాబు చెప్పాలి.

8. ప్రోగ్రాం మాటే ఆఖరి మాట కాదు. పోటీల్లో ప్రోగ్రాం "తప్పు" అన్న ప్రతి పద్యాన్నీ ఒక మనిషి మళ్ళీ చూడాలి.

ఎనిమిదోది మీటింగ్‌లో లేదు. రాస్తుంటే వచ్చింది. నిజానికి మొదట రావాల్సింది అదే.

ఈ పాలసీని ఎవరైనా మోసం చేయొచ్చా? చేయొచ్చు. ఏఐ వాడి వాడలేదని చెప్పొచ్చు. దానికి నా దగ్గర మందు లేదు. అయితే రివ్యూలో పక్కన కూర్చుని "ఈ లైన్ ఎందుకు?" అని అడిగితే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. వేలమంది ముఖం తెలియనివాళ్ళు పంపే కర్ల్‌కి ఈ సౌకర్యం లేదు. మన క్యాంటీన్‌లో అందరూ దొరుకుతారు. చిన్న ప్రాజెక్టుకి ఉన్న ఒకే ఒక్క బలం అది, దాన్ని వాడుకుందాం.

ఇక ఆ బగ్ సంగతి. దిద్దడానికి జాబితాలో నుంచి రెండు అక్షరాలు తీసేస్తే సరిపోయింది. దిద్దింది నా క్లాస్‌మేటే. ఈసారి ఎందుకు తీస్తున్నాడో నాలుగు వాక్యాల్లో తెలుగులోనే రాశాడు. దానికి టెస్టులు ఇచ్చింది ఆ ఫస్ట్ ఇయర్ అమ్మాయి. సివిల్ బ్రాంచ్, కోడింగ్ రాదు. ఎ, ఒ లు వచ్చే ముప్పై మాటలు కాగితం మీద గురులఘువులు గుర్తుపెట్టి ఇచ్చారు. ఇప్పుడు టెస్ట్ ఫైల్‌లో మొదటి లైన్ "తెలుగు", న గణం.

పోటీ అయిపోయింది, బహుమతి వెనక్కి తేలేను. ఆమెకి నేరుగా సారీ చెప్పాను, ఇక్కడ కూడా చెప్తున్నాను. ఆ పద్యం ఈ సంచికలోనే ఉంది, చదవండి. ముసాయిదాలో తప్పులు కనపడితే రిపోలో ఇష్యూ పెట్టండి, లేదా క్యాంటీన్‌లో నన్ను పట్టుకోండి. వచ్చే మీటింగ్‌లో ఓటుకి పెడతాం.